మౌంట్ పట్టికలో నేను మార్చిన మాట

ఆ సీజనులో ల్యాబులో పనిచేసిన అమ్మాయి పరీక్షలన్నీ చేసింది. ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. చేసిన ప్రతి పరీక్ష అంకెలనూ కంప్యూటర్లో ఎక్కించింది. అవి కనిపించకుండా పోయాయంటే కారణం నేను. ఈ మాట ముందే రాసేశాను కాబట్టి, ఇక్కడితో ఎవరైనా చదవడం ఆపేసినా నాకు బాధ లేదు.

రెండో మాట కూడా ఇప్పుడే చెబుతాను. నేను పగ పట్టింది ఆ అమ్మాయి మీద కాదు. మా సిస్టమ్స్ ఆఫీసరు మీద. ఆయన విషయంలో నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. ఆయన్ని దెబ్బ కొట్టలేకపోయానన్న ఉక్రోషం మాత్రం ఉంది. యాభై దాటిన మనిషి ఇలా రాయడం బాగుండదని తెలుసు. కానీ ఉన్నది ఉన్నట్టు రాయాలని కూర్చున్నాను.

ఎనభైల చివర్లో నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్ళే దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. రసాలూ బంగినపల్లీ బజారుకి పోతే, మాకొచ్చేవి ఎక్కువగా కలెక్టరు రకం కాయలు. కాయ కడిగి, కోసి, గుజ్జు తీసి, వేడి చేసి డబ్బాల్లో నింపి మూత వేసేవాళ్ళు. ఒక విడతలో తయారైన డబ్బాలన్నీ కలిపి ఒక లాటు. ప్రతి లాటు నుంచీ గుజ్జు తీసుకుని తీపెంత, పులుపెంత అని ల్యాబులో చూసేవాళ్ళు. కొన్ని డబ్బాలు వెచ్చటి గదిలో పెట్టి, ఉబ్బుతున్నాయా లేదా అని రోజూ రాసుకునేవాళ్ళు. బయటి దేశాల్లో కొనేవాళ్ళు ప్రతి లాటుకీ ఈ అంకెలు కంప్యూటరు కాగితం మీద కావాలని పట్టుబట్టారు. దాంతో యజమాని రెండు యూనిక్స్ మిషన్లు కొన్నాడు. ఒకటి ఆఫీసు గదిలో, ఒకటి ల్యాబు షెడ్డులో. రెండింటినీ కలుపుతూ లావుపాటి పసుపు కేబులు ఒకటి వేశారు.

మాది రెడ్డిగూడెం. మా నాన్న తోటల్లో కాపలా కాసేవాడు. నేను టైపు హయ్యరు పాసై ఫ్యాక్టరీలో టైపిస్టుగా చేరాను. మిషన్లు వచ్చాక ఆపరేటరునయ్యాను. మాన్యువల్ పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళి, అర్థం కాకపోయినా మళ్ళీ మళ్ళీ చదివేవాణ్ణి. కొన్ని నెలలకి అర్థం కావడం మొదలైంది.

ఆఫీసరు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఆయనకి పని వచ్చు. అందులో అనుమానం లేదు. ల్యాబు ప్రోగ్రాము మొత్తం ఆయనే సీ భాషలో రాశాడు. రాసిన రోజు నుంచీ దాన్ని ఎవరూ వేలెత్తి చూపకూడదు. ల్యాబులో ఎప్పటినుంచో ఒక పొడవాటి నోటుబుక్కు ఉండేది. ఆయన వచ్చిన నెలకే దాన్ని ఆపించేశాడు.

"కంప్యూటర్ పెట్టుకుని ఇంకా నోటుబుక్కులేంటండీ? రెండు చోట్ల రాస్తే రెండు రకాలుగా ఉంటుంది. ఇకనుంచి ఒక్కచోటే," అన్నాడు మేనేజరుగారితో. మేనేజరుగారు సరేనన్నారు.

ల్యాబు అమ్మాయి ముసునూరు నుంచి సైకిలు మీద వచ్చేది. వాళ్ళ నాన్న క్రైస్తవ మిషనరీ బళ్ళో పంతులు. మేమందరం ఆమెని సిస్టర్ అనేవాళ్ళం, ఆమె మమ్మల్ని అన్నయ్యగారూ అనేది. నోటుబుక్కు ఆగిపోయాక ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. అంకె రాగానే సుద్దముక్కతో ఆ లాటు డబ్బా మూత మీద రాసేది. కంప్యూటర్లో ఎక్కించి, స్క్రీను మీద సేవ్ అయినట్టు చూశాక తడిగుడ్డతో తుడిచేసేది. తుడిచాక ఆ అంకె ఇంకెక్కడా ఉండదు, కంప్యూటర్లో తప్ప. ఆమె అప్పటికి రెండేళ్ళుగా సీజనుకి మాత్రమే పనిచేస్తోంది. ఆ ఏడు కొనేవాళ్ళ ఇన్‌స్పెక్షన్ బాగా జరిగితే పర్మనెంట్ చేస్తామని మేనేజరుగారు మాటిచ్చారు. ఆ సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఇప్పుడు మౌంట్ గురించి చెప్పాలి. యూనిక్స్‌లో ఒక డిస్కు భాగాన్ని మిషను డైరెక్టరీల్లో ఒకచోట తగిలించడాన్ని మౌంట్ చేయడం అంటారు. తగిలించేటప్పుడు ఎలా తగిలించాలో కొన్ని ఆప్షన్లు చెప్పాలి. చదవడానికి మాత్రమేనా, రాయడానికి కూడానా అన్నది అన్నిటికీ ఉంటుంది. అది కాక ఒక్కో రకం ఫైల్‌సిస్టమ్‌కీ దానికే చెందిన ఆప్షన్లు ఉంటాయి. మా ల్యాబు మిషన్లో అంకెలు దాచే డిస్కు దాని సొంతది కాదు, ఆఫీసు మిషనుది. కేబులు మీదుగా తగిలించుకుని వాడుకునేది. ఇలాంటి తగిలింపులో ముఖ్యమైనవి రెండు, హార్డ్, సాఫ్ట్. హార్డ్ అంటే అవతలి మిషను ఆగిపోయినా ఇవతలిది వదలదు. స్క్రీను బిగుసుకుపోతుంది, అవతలిది మళ్ళీ లేచేదాకా అలాగే నిలబడుతుంది, లేవగానే రాయాల్సింది రాసేస్తుంది. ఏమీ పోదు. సాఫ్ట్ అంటే రెండు మూడుసార్లు ప్రయత్నించి, జవాబు రాకపోతే రాయలేకపోయానని ప్రోగ్రాముకి చెప్పి వదిలేస్తుంది. ప్రోగ్రాము ఆ మాట వింటే సరే. వినకపోతే రాయాల్సింది గాలిలో కలిసిపోతుంది.

మౌంట్ అని ఒట్టిగా కొట్టి ఎంటర్ నొక్కితే ఏ డిస్కు ఎక్కడ తగిలించి ఉంది, ఏ రకం, ఏ ఆప్షన్లతో అన్నది వరసగా స్క్రీను మీద పడుతుంది. నేను రోజూ పొద్దున ఆ పట్టిక ప్రింటు తీసి రిజిస్టర్లో అతికించేవాణ్ణి. నా అంతట నేను మొదలుపెట్టిన అలవాటది. ఆఫీసరు దాన్ని చూసి, కింద నా సంతకమూ తన సంతకమూ ఉండాలని రూలు పెట్టి, మేనేజరుగారి దగ్గర తన పద్ధతిగా చెప్పుకున్నాడు. అది కూడా ఓర్చుకున్నాను.

ఓర్చుకోలేనిది వేరే జరిగింది. మే నెలలో ఒక మధ్యాహ్నం ఆయన పాత ఫైళ్ళు చెరిపేస్తూ, తప్పు డైరెక్టరీలో ఉండి ఆ వారం లాట్ల ఫైళ్ళు చెరిపేశాడు. టేపు కాపీలోంచి అవి తర్వాత దొరికాయి, అది వేరే సంగతి. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ఆయన ముఖం పాలిపోవడం చూశాను. లేచి బయటికి వెళ్ళిపోయాడు. పావుగంటకి మేనేజరుగారి గదిలోంచి నాకు పిలుపొచ్చింది.

"ఆపరేటరు చూసుకోలేదండీ," అంటున్నాడు ఆఫీసరు నేను తలుపు తీసేసరికి. "వీళ్ళకి పాస్‌వర్డ్ ఇవ్వడమే నాది పొరపాటు. కొత్త కదా, కుతూహలం."

"నేను కాదండీ, సారే..." అన్నాను.

మేనేజరుగారు చేత్తో ఆపమన్నారు. "నువ్వు చేశావని పోలీసులకేం చెప్పడంలేదయ్యా. ఒక ఇరవై రోజులు టెంకల దగ్గర చూసుకో. తర్వాత చూద్దాం."

టెంకల దగ్గరంటే, గుజ్జు తీసేశాక మిగిలిన తొక్కలూ టెంకలూ ఫ్యాక్టరీ వెనక గుట్టగా పోసే చోటు. ట్రాక్టర్లకి ఎత్తించి పంపాలి. ఎండలో ఆ గుట్ట పులిసి పొగలు కక్కుతుంది. ఈగలు నోట్లోకి వచ్చేవి. కాయలు కోసే ఆడవాళ్ళు గంపలు తెచ్చి గుట్ట మీద దిమ్మరిస్తూ నన్ను ఆటపట్టించేవాళ్ళు.

"ఏవయ్యా కంప్యూటరూ, మా టెంకలు కూడా మిషన్లో ఎక్కిస్తావా?"

"ఎక్కించేముందు కడగవయ్యా బాబూ, లేకపోతే నీ మిషనుకి పురుగులు పడతాయి!"

వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. వాళ్ళలో సగం మంది మా ఊరివాళ్ళే. కానీ ఒకరోజు ఆఫీసరు ఇద్దరు ఇంజనీర్లని వెంటేసుకుని అటుగా వచ్చాడు. ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటోయ్, టెంకలు మౌంట్ చేస్తున్నావా?" అన్నాడు. "రీడ్ ఓన్లీనా, రీడ్ రైటా?"

ఇంజనీర్లు నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

అదే వారంలో మా నాన్న తోట ట్రాక్టరు మీద కాయలతో పాటు వచ్చాడు. నన్ను గుట్ట మీద పార పట్టుకుని ఉండగా చూశాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "మిషను బాగుచేయడానికి వచ్చావా ఇటు?" అని అడిగాడు. నిజంగానే అనుకుని అడిగాడు. ఆయన మాటలో ఎత్తిపొడుపు ఉండదు. "అవును నాన్నా," అన్నాను. ఆయన చుట్టూ వెతికాడు, మిషను ఎక్కడుందా అని.

ఆ క్షణంలో నిర్ణయించుకున్నాను. ఆఫీసరు పరువు పదిమందిలో తీయాలి. ఆయన రాసిన ప్రోగ్రాము చేతే తీయించాలి.

ఇరవై రోజులు అయ్యాక నన్ను మళ్ళీ మిషను దగ్గర కూర్చోబెట్టారు. పొద్దున్నే లేచి రెండు మిషన్లూ ఆన్ చేసే పని ఆఫీసరుకి ఇష్టం లేదు, అందుకని పాస్‌వర్డ్ కూడా మళ్ళీ నాకే ఇచ్చాడు. ఆయన లేని మధ్యాహ్నాలు ఆయన ప్రోగ్రాము తీసి చదివాను. సీ భాష నాకు పూర్తిగా రాదు, అయినా వెతికింది దొరికింది. అంకెల్ని డిస్కుకి రాశాక, రాయడం కుదిరిందా లేదా అని ఆయన ఎక్కడా అడగలేదు. రాసెయ్, సేవ్ అయిందని చూపించెయ్. అంతే. ఆయనకి ఆ అవసరం కనిపించలేదు, ఎందుకంటే మౌంట్ హార్డ్‌గా ఉంది. బయటి నుంచి ఎవరు చూడటానికి వచ్చినా అదే చెప్పేవాడు. "కరెంటు పోనివ్వండి, ఆఫీసు మిషను పడిపోనివ్వండి, నా సిస్టమ్ ఒక్క అంకె పోగొట్టదు. నిలబడి ఎదురుచూస్తుంది."

దాన్ని సాఫ్ట్ చేస్తే ఎదురుచూడదు. మాకు కరెంటు రోజుకి ఒకటి రెండుసార్లయినా పోయేది. ల్యాబు షెడ్డుకి జనరేటరు లైను ఉంది, ఆఫీసు గదికి లేదు. అక్కడి యూపీఎస్ పాతది, రెండు నిమిషాల్లో చేతులెత్తేసేది. ఆఫీసు మిషను పడి లేచే ఆ పావుగంటలో ల్యాబులో ఎక్కించిన అంకెలన్నీ పోతాయి. స్క్రీను మాత్రం సేవ్ అయిందని చెబుతుంది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు ఆఫీసరు రిపోర్టు ప్రింటు తీస్తాడు, మధ్యమధ్య లాట్లు ఖాళీగా వస్తాయి. అప్పుడాయన ముఖం చూడాలని నా కోరిక.

ఒక్కటే అడ్డం. పొద్దున పట్టిక. సాఫ్ట్ అని మౌంట్ చేస్తే పట్టికలో సాఫ్ట్ అని పడుతుంది. ఆయన సంతకం పెట్టేటప్పుడు చూస్తాడు.

దానికీ మాన్యువల్లోనే దారి దొరికింది. మౌంట్ అని కొట్టినప్పుడు ఆ కమాండు మిషను లోపలికి వెళ్ళి ఏది ఎలా తగిలించి ఉందో చూసి చెప్పదు. ఎమ్‌ట్యాబ్ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. తగిలించినప్పుడు అందులో ఒక వరస రాసుకుంటుంది. అడిగినప్పుడు ఆ ఫైలు చదివి వినిపిస్తుంది. అంతే. అది మామూలు అక్షరాల ఫైలు. పాస్‌వర్డ్ ఉన్నవాడు దాన్ని ఎడిటర్లో తెరిచి ఒక మాట మార్చితే, పట్టిక మారిన మాటే చూపిస్తుంది. లోపల మాత్రం ఎలా తగిలించింది అలాగే ఉంటుంది.

ల్యాబు మిషన్లో డిస్కు ఊడదీశాను. సాఫ్ట్ అని తగిలించాను. ఎమ్‌ట్యాబ్ తెరిచి సాఫ్ట్ అన్నచోట హార్డ్ అని కొట్టాను. ఎడిటర్లోంచి బయటికొచ్చి మౌంట్ అన్నాను. ఆఫీసు డిస్కు వరస చివర రీడ్ రైట్, హార్డ్ అని శుభ్రంగా వచ్చింది. మా అమ్మ వండిన పప్పు తిన్నంత తృప్తిగా అనిపించింది. ప్రింటు తీసి, అతికించి, సంతకం పెట్టాను. పది గంటలకి ఆఫీసరు వచ్చి చూసి పెన్ను తీశాడు. ఆయన సంతకం పెడుతుంటే వెనక నుంచి ఆయన మెడనే చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం మిషన్లు ఆపేస్తాం కాబట్టి పొద్దున మళ్ళీ హార్డ్‌గానే లేచేది. అంచేత ఈ పని రోజూ చేయాల్సి వచ్చింది. అరగంట ముందు వచ్చేవాణ్ణి. పది పన్నెండు రోజులు చేశాను. ఒక్కరోజు కోపంలో చేసిన పని అని చెప్పుకునే వీలు నాకు లేదు. ప్రతి పొద్దునా తీరిగ్గా, సైకిలు స్టాండేసి, చేతులు కడుక్కుని మరీ చేశాను.

మూడో రోజో నాలుగో రోజో కరెంటు పోయింది. కాసేపటికి సిస్టర్ ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. చేతికింకా గుజ్జు ఉంది.

"అన్నయ్యగారూ, స్క్రీను మీద ఇంగ్లీషులో ఏదో ఒక లైను వచ్చిందండీ. ఎర్రర్ అనుంది. ఇదివరకు కరెంటు పోతే అలా బిగుసుకుపోయేది కదా, ఇప్పుడు బిగుసుకోవడం లేదు."

ఆ లైను ఏమిటో నాకు తెలుసు. రాయలేకపోయాను, గడువు దాటింది అని మిషను చెబుతున్న మాట. ఆమె తప్ప ఇంకెవరూ ఆ తేడా గమనించలేదు. ఆమె పని అలాంటిది.

"కింద సేవ్ అయిందని వచ్చిందా సిస్టర్?" అన్నాను.

"వచ్చిందండీ."

"అయితే ఏం లేదు. ఆ లైను మామూలే. ఎంటర్ కొట్టి తర్వాతి లాటు ఎక్కించండి."

"మూత మీద సుద్ద తుడిచేయనా మరి?"

నేను ఒక్క నిమిషం ఆగాను. ఆగానని గుర్తుంది. "తుడిచేయండి," అన్నాను.

నేనప్పుడు ఆలోచించింది ఇదీ. తప్పు ప్రోగ్రాముది అని తేలుతుంది, ప్రోగ్రాము ఆయనది, ఈ అమ్మాయిని ఎవరేమంటారు? నిజంగా ఇలాగే అనుకున్నాను. కానీ ఎవరేమంటారు అన్న ప్రశ్న వచ్చిందంటేనే, నాకు ఎక్కడో అనుమానం ఉన్నట్టు. ఆ అనుమానాన్ని పక్కకి నెట్టేశాను. టెంకల గుట్ట వాసన నా ముక్కులోంచి ఇంకా పోలేదు.

జూన్ చివర్లో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కొనేవాళ్ళ తరపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. ఆఫీసరు తన ఉపన్యాసం మొదలుపెట్టి రిపోర్టు ప్రింటు ఇచ్చాడు. నేను ప్రింటరు పక్కనే నిలబడ్డాను. కాగితం బయటికొస్తుంటే ఖాళీ గడులు కనిపించాయి. ఒకచోట రెండు లాట్లు, ఇంకోచోట మూడు, మళ్ళీ ఒకటి. తీపి లేదు, పులుపు లేదు, వెచ్చటి గదిలో పెట్టిన మొదటి రోజు లెక్క లేదు. ఇన్‌స్పెక్టరు వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించాడు. "ఈ లాట్లు పరీక్ష చేయలేదాండీ?" అన్నాడు. నింపిన రోజు చూడాల్సిన అంకెలు తర్వాత చూస్తే ఒప్పుకోరు. ఆ లాట్లు పక్కన పెట్టేశాడు.

ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. నేను ఎదురుచూసిన ముఖం అదే. కడుపు నిండా చూశాను. ఎంతసేపని, ఒక అరనిమిషం. ఆ తర్వాత ఆయన రిజిస్టరు తెప్పించాడు.

మేనేజరుగారి గదిలో నలుగురం. మేనేజరుగారు కుర్చీలో. ఆఫీసరు రిజిస్టరు తెరిచి పట్టుకుని. సిస్టర్, నేను గోడ వార.

"ఇది చూడండి సార్," అన్నాడు ఆఫీసరు. "రోజూ పొద్దున తీసిన మౌంట్ పట్టిక. హార్డ్. ఇక్కడా హార్డ్. ఇక్కడా హార్డ్. హార్డ్ మౌంట్ మీద రాసింది పోవడం జరగదండీ. కరెంటు పోతే ఆగుతుంది, అంతేగానీ పోదు. అంకెలు లేవంటే ఎక్కించలేదన్నమాట. ఎక్కించలేదంటే..." అని ఆమె వైపు చూశాడు.

"ఎక్కించానండీ," అంది ఆమె. "ప్రతి లాటూ చేశాను. సేవ్ అయిందని చూశాకే సుద్ద తుడిచాను."

"సుద్దేంటమ్మా?" అన్నారు మేనేజరుగారు.

ఆమె చెప్పింది. వినడానికి ఎంత తెలివితక్కువగా ఉందో ఆ గదిలో. ఆఫీసరు నవ్వాడు. "మూత మీద సుద్ద. అదండీ మన రికార్డు."

అప్పుడు నాకు అర్థమైంది. నా దొంగతనం బయటపడకుండా నేను మార్చిన ఆ ఒక్క మాటే ఆఫీసరుకి కవచమైంది. పట్టికలో సాఫ్ట్ అనే ఉండి ఉంటే ఆయన సంతకం ఆయన్నే ముంచేది. నేను హార్డ్ అని రాసి, కాపాడి, ఆ కవచం పట్టుకెళ్ళి ఆయన చేతికే ఇచ్చాను.

మేనేజరుగారు నా వైపు తిరిగారు. "ఈ ప్రింట్లు తీసేది నువ్వే కదయ్యా?"

"అవునండీ."

"సంతకం నీదేనా?"

"నాదేనండీ."

"రోజూ ఇలాగే ఉందా?"

ఆమె నన్నే చూస్తోంది. ఆ చూపులో అనుమానం లేదు. నేను సాయం చేస్తానన్న ధీమా ఉంది. ఎర్రర్ లైను సంగతి నాతో చెప్పింది కదా, ఇప్పుడు నేను చెబుతానని ఎదురుచూస్తోంది.

"ఇలాగే ఉందండీ," అన్నాను.

"అన్నయ్యగారూ, ఆ రోజు ఏదో లైను వచ్చిందని చెప్పాను కదండీ..."

"కరెంటు పోతే ఏవేవో లైన్లు వస్తాయి సిస్టర్," అన్నాను. నా గొంతు నాకే ఆఫీసరు గొంతులా వినిపించింది.

ఆ సాయంత్రమే ఆమెని ఇక పనిలోకి రావద్దన్నారు. మర్నాడు వాళ్ళ నాన్న ఆమెని వెంటబెట్టుకుని వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. కూర్చోమంటే కూర్చోలేదు. మేనేజరుగారు రిజిస్టరు ఆయన ముందు పెట్టారు. బళ్ళో పిల్లల దస్తూరీ చూసినట్టు ఆయన ప్రతి పేజీ నిదానంగా చూశారు. సంతకాలు చూశారు.

"మీరేనాండీ ఇది?" అని నన్ను అడిగారు.

"అవునండీ మాస్టారూ."

"మా అమ్మాయి చెయ్యని పని చేశానని చెప్పే మనిషి కాదండీ," అన్నారు. కానీ ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. కాగితం మీద అచ్చైనదాన్ని కాదనడం ఆయనకి చేతకాలేదు. గొడుగు తీసుకుని, బయట నిలబడ్డ కూతుర్ని సైకిలు నడిపించుకుంటూ రమ్మని, ముందు తను నడిచారు. ఇద్దరి మధ్యా చాలా దూరం ఉంది.

ఆ పొద్దున్నించి నేను ల్యాబు మిషన్లో వేలు పెట్టలేదు. అది తనంతట తాను హార్డ్‌గా లేచేది. పట్టికలో హార్డ్ అని వచ్చేది. ఇప్పుడది నిజం. ఎవరికీ తేడా తెలియలేదు. ఆఫీసరుకి ఆ ఏడు పెద్ద పదవి వచ్చింది. ల్యాబుకి ఇంకొకర్ని పెట్టారు, మళ్ళీ నోటుబుక్కు తెప్పించారు. నోటుబుక్కు ఆలోచన కూడా ఆఫీసరుదే అయింది.

ఆయన మీద నాకున్న లెక్క తీరలేదు. ఒక మామూలు జాగ్రత్త, రాసింది పడిందా లేదా అని అడగడం, ఆయన ప్రోగ్రాములో ఉండి ఉంటే నా పని మొదటిరోజే బయటపడేది. నోటుబుక్కు ఆపించకపోయి ఉంటే ఆమె దగ్గర సాక్ష్యం ఉండేది. ఫైళ్ళు చెరిపింది తనేనని ఒప్పుకుని ఉంటే నేను టెంకల దగ్గరికి వెళ్ళేవాణ్ణే కాదు. ఇన్నేళ్ళూ ఈ మూడు మాటలూ నాలో నేను అప్పజెప్పుకుంటూ బతికాను. ప్రతిసారీ ఆయనే దోషిగా తేలేవాడు.

ఉద్యోగాలు మారి, ఊళ్ళు మారి, ఈమధ్యే మళ్ళీ నూజివీడు చేరాను. ముసునూరులో అడిగితే ఆమె చింతలపూడి దగ్గర ఉంటోందని చెప్పారు. జరిగిందంతా రాసుకుని తీసుకెళ్ళాను. నోటితో చెప్పలేనని తెలుసు.

ఆమె నన్ను గుర్తుపట్టింది. జుట్టు సగం నెరిసింది. భర్తని పిలిచి, "ఫ్యాక్టరీలో కంప్యూటరు అన్నయ్యగారు," అని చెప్పింది. కుర్చీ వేశారు. మాస్టారు పోయి చాలా ఏళ్ళయిందని చెప్పింది. చివరిదాకా ఆ విషయం ఆయన అడగలేదట, ఆమె చెప్పలేదట.

కాగితాలు ఇచ్చాను. కళ్ళజోడు లేదంది, చదవమంది. చదివాను. ఆఫీసరు మీద రాసినవి వస్తున్నప్పుడు గొంతు పెంచాను కాబోలు, ఆమె చెయ్యి ఎత్తింది.

"ఆయన సంగతి నాకెందుకండీ? మీరేం చేశారో చదవండి."

చదివాను. సాఫ్ట్ అని తగిలించడం, ఎమ్‌ట్యాబ్‌లో మాట మార్చడం, ఎర్రర్ లైను మామూలే అనడం, సుద్ద తుడిచేయమనడం. అక్కడికి వచ్చేసరికి ఆమె పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త లేచి నిలబడ్డాడు.

"నేను ఏదో తప్పు నొక్కాననుకున్నానండీ," అంది. "ఇన్నేళ్ళూ. కంప్యూటరు కొత్త కదా, ఎక్కడో నా వేలే తప్పు పడి ఉంటుంది, అబద్ధం చెప్పానన్నది నిజం కాకపోయినా తప్పు మాత్రం నాదే అయి ఉంటుందనుకున్నాను. మా పిల్ల కంప్యూటరు కోర్సు చేస్తానంటే వద్దన్నాను."

"మీరు సరిగ్గానే నొక్కారు," అన్నాను.

"మరి ఆ రోజు చెప్పి ఉంటే?"

ఆఫీసరు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఆమె కాగితాలు తీసుకుని మడిచింది. "ఎక్కడైనా వేయిస్తారా ఇది?" అంది. వేయిస్తానన్నాను. "నా పేరొద్దు. పరీక్షలన్నీ చేసిందని మాత్రం మొదటే వేయండి, అందరూ చివరిదాకా చదవరు." లోపలికి వెళ్ళిపోయింది. భర్త గేటు దాకా వచ్చాడు, మర్యాదకి కాదు, గడియ పెట్టుకోవడానికి.